చార్జింగ్ ఎక్కడం లేదంటే కాయిల్ మీద పడకండి

(సముద్రంలో చేపల వేట నిషేధం ముగిసే ముందు కాకినాడలో బోటు యజమానులు, డ్రైవర్లు, కుర్ర మెకానిక్కుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు కొంచెం ముందుకి రండి, బల్ల మీద పెట్టిన సామాను మీకు కనబడాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు బోట్లన్నీ గట్టునే ఉన్నాయి. ఇంజను విప్పి చూసుకున్నారు, వలలు బాగుచేసుకున్నారు, రంగులు కూడా వేశారు. బ్యాటరీ సంగతి ఎంతమంది చూశారు? ఈ ఎండల్లో వాడకుండా వదిలేసిన బ్యాటరీ తనంతట తనే దిగిపోతుంది, దిగిపోయిన బ్యాటరీ అలాగే ఉండిపోతే లోపల ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది, తర్వాత ఎంత చార్జి పెట్టినా పూర్తిగా తీసుకోదు. అదే బ్యాటరీతో 15వ తేదీ పొద్దున్నే బయల్దేరతారు, నాలుగు రోజులకి సెల్ఫ్ తిరగదు, అప్పుడు ఫోను చేసి "ఇంజను చార్జింగ్ ఎక్కించట్లేదు, కాయిల్ పోయినట్టుంది" అంటారు. కాయిల్ అంటే ఇంజను లోపల కరెంటు పుట్టించే తీగ చుట్ట. అది పోలేదు. నూటికి తొంభై పాళ్లు కాయిల్ పోదు. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే.

నేను మాట్లాడేది కీ తిప్పితే స్టార్టయ్యే పాత టూ స్ట్రోక్ ఔట్‌బోర్డుల గురించి, అంటే బోటు వెనకాల బయట తగిలించే ఇంజన్ల గురించి. యమహా, సుజుకీ, మెర్క్యురీ, జాన్సన్, ఎవిన్‌రూడ్, ఏదైనా సరే, లోపలి లెక్క ఒకటే. వైర్ల రంగులు మాత్రం మారతాయి.

బ్యాటరీ లేకపోతే తాడు లాగి స్టార్ట్ చేసుకుంటాంలే అని కొందరంటారు. నలభై హార్స్‌పవర్ ఇంజను, బోటు అల మీద ఊగుతుంటే, తాడు లాగడం ఎంత కష్టమో లాగినవాళ్లకే తెలుసు. సరే, లాగారనుకుందాం. మరి జీపీఎస్? వీహెచ్ఎఫ్ రేడియో? రాత్రి లైటు? రేవు బయట లంగరేసుకున్న ఓడలు, వచ్చేపోయే ఓడలు ఎన్నుంటాయో రోజూ చూస్తూనే ఉన్నారు. ఫైబర్ బోటు రాడార్లో సరిగ్గా కనబడదు. లైటు కూడా లేకపోతే పైనున్నవాడికి మీరు అక్కడ ఉన్నట్టే తెలీదు. అందుకే దీన్ని చిన్న రిపేరు కింద తీసిపారేయొద్దని ఇంత గట్టిగా చెప్తున్నాను.

ముందు కరెంటు ఎలా పుడుతుందో రెండు నిమిషాల్లో చెప్పేస్తాను. ఫ్లైవీల్ లోపలి అంచున అయస్కాంతాలుంటాయి. దాని కింద కదలకుండా కాయిల్ ఉంటుంది, ఇదిగో ఇదే. ఫ్లైవీల్ తిరిగితే కాయిల్లో ఏసీ కరెంటు పుడుతుంది. బ్యాటరీకి డీసీ కావాలి కాబట్టి మధ్యలో ఈ రెక్టిఫయరు. దీని లోపల డయోడ్లుంటాయి. బోరు పైపు అడుగున ఫుట్ వాల్వు నీళ్లని పైకి పోనిచ్చి కిందికి జారనివ్వదు చూడండి, డయోడు చేసే పని అదే. రెక్టిఫయరు నుంచి ఎర్ర వైరు సోలినాయిడ్, అంటే కీ తిప్పితే సెల్ఫ్‌కి కరెంటు వదిలే స్విచ్, దాని మీద బ్యాటరీ కేబుల్ బిగించే బోల్టు దగ్గరికి వస్తుంది, చాలా ఇంజన్లలో మధ్యలో ఒక ఫ్యూజు ఉంటుంది. అక్కణ్ణించి పెద్ద ఎర్ర కేబుల్ మీదుగా బ్యాటరీకి. కరెంటు తిరిగి రావడానికి ఇంజను బాడీ, నల్ల కేబుల్. ఇంతే, ఇంకేం లేదు.

ఇక్కడ తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. ఈ పాత ఇంజన్లు పుట్టించే కరెంటు చాలా తక్కువ. 60 వాట్లు, 80 వాట్లు ఉండే కాయిల్ అంటే ఫుల్ స్పీడులో 5, 6 ఆంపులు. 1970లు, 80ల నాటి జాన్సన్, ఎవిన్‌రూడ్ ఇంజన్లలో కూడా 5, 6 ఆంపులే, కాస్త పెద్దవాటిలో 9, 10. స్లోలో నడుస్తుంటే దాదాపు ఏమీ రాదు. ఇప్పుడు మీరే లెక్కేయండి. 70 ఆంపియర్ అవర్ బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది, దాన్ని 5 ఆంపులతో నింపాలంటే 14 గంటలపైన ఫుల్ స్పీడులో పోవాలి. ఎవరు పోతారు అలా? కాబట్టి దిగిపోయిన బ్యాటరీ పెట్టి "ఇంజనే ఎక్కిస్తుందిలే" అనుకోవడం దండగ. పైగా చచ్చిన బ్యాటరీని నింపడానికి కాయిల్ గంటల తరబడి తన శక్తంతా పెట్టి వేడెక్కిపోతుంది. పెద్ద వీ-4, వీ-6 ఇంజన్లలో కాయిల్ మీద పోసిన నల్లటి మైనం లాంటి పదార్థం కరిగి బొట్లు బొట్లుగా కిందికి కారడం కొందరు చూసే ఉంటారు. ఆ వేడే అది.

అందుకని మొదటి పని: బ్యాటరీని ఒడ్డు మీద చార్జరుతో నిండా చార్జి చేయండి. చార్జరు తీసిన వెంటనే మల్టీమీటరు పెడితే 13 వోల్టుల పైన చూపిస్తుంది, అది నమ్మొద్దు, ఒక రాత్రి వదిలేసి పొద్దున్న చూడండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12 అంటే దాదాపు అయిపోయినట్టే. నీళ్లు పోసే బ్యాటరీ అయితే హైడ్రోమీటరుతో, అంటే యాసిడ్ చిక్కదనం కొలిచే గొట్టంతో, ఆరు సెల్లులూ చూడండి. మన లాంటి వేడి ప్రాంతాల బ్యాటరీల్లో నిండుగా ఉంటే 1.240 దరిదాపుల్లో ఉంటుంది. అంకె కాస్త అటూ ఇటూ ఉన్నా ఫరవాలేదు గానీ ఆరూ ఒకేలా ఉండాలి. ఐదు బాగుండి ఒకటి బాగా కింద ఉందంటే ఆ సెల్లు పోయింది, ఆ బ్యాటరీ ఇక పనికిరాదు. తర్వాత ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు బ్యాటరీ మీద మీటరు చూడండి, 9.6 కంటే కిందికి పడిపోతుంటే కూడా బ్యాటరీ మీదే అనుమానం పెట్టుకోవాలి. ఇవి చూడకుండా ఇంజను మూత విప్పొద్దు.

బ్యాటరీ బాగుందని తేలింది. ఇప్పుడు బోటు నీళ్లలో ఉంచి, గట్టిగా కట్టేసి, ఇంజను స్టార్ట్ చేయండి. ఒడ్డు మీదైతే నీళ్ల డ్రమ్ములో దించి గానీ, హోసు పైపు తగిలించి గానీ. నీళ్లు లేకుండా ఒక్క నిమిషం కూడా తిప్పొద్దు, వాటర్ పంపు ఇంపెల్లరు మాడిపోతుంది. బ్యాటరీ మీద మీటరు పెట్టి, ఇంజనుని 2,500 ఆర్పీఎం దాకా రేజు చేయండి. ఆగి ఉన్నప్పుడు 12.5 ఉన్నది 13.5, 14, 14.5 దాకా ఎక్కుతోందా, చార్జింగ్ బ్రహ్మాండంగా ఉంది, గొడవ ఇంకెక్కడో ఉంది. అంకె కదలకుండా అక్కడే ఉంటే చార్జింగ్ రావట్లేదు. 15 దాటిపోతుంటే అది వేరే కథ, దానికి వస్తాను.

చార్జింగ్ రావట్లేదు అని తేలింది కదా. ఇప్పుడు అందరూ చేసే పని ఫ్లైవీల్ విప్పడం. దయచేసి అది చివరికి పెట్టుకోండి. ఫ్లైవీల్ తీయాలంటే పుల్లరు కావాలి, తిరిగి సరిగ్గా బిగించడానికి టార్క్ రెంచి కావాలి, సుత్తితో కొడితే లోపలి అయస్కాంతాలు ఊడొస్తాయి. దానికంటే ముందు చూడాల్సినవన్నీ పైపైనే, చేతికి అందేట్టు ఉన్నాయి.

ఈ కేబుల్ చూడండి. ఇది ఒక టూరిస్టు బోటు నుంచి తీసిన నెగెటివ్ కేబుల్. ఆ బోటుకి అప్పటికే రెక్టిఫయరు మార్చారు, కాయిల్ మార్చారు, చార్జింగ్ మాత్రం రాలేదు. పైనుంచి చూస్తే దీనికేం లోపం? చివరనున్న లగ్గు, అంటే బోల్టుకి బిగించే లోహపు రింగు, తళతళలాడుతోంది, ఎవరో ఎమ్రీ పేపరు పెట్టి బాగా రుద్దారు కూడా. బోల్టు కూడా బిగుతుగానే ఉండేది. ఇప్పుడు లగ్గు వెనకాల రెండంగుళాలు తొక్క తీస్తున్నాను, చూడండి. రాగి ఎక్కడుంది? నల్లటి పొడి, మధ్య మధ్యలో పచ్చటి చిలుము. గోటితో గీకితే రాలిపోతోంది. ఇన్ని పోగుల్లో బతికున్నవి నాలుగో ఐదో. ఉప్పునీళ్లు లగ్గు నోట్లోంచి లోపలికి పాకి, తొక్క లోపలే కేబుల్ని తినేశాయి. ఇది పైకి ఎప్పటికీ కనబడదు.

కనబడనిదాన్ని పట్టుకోవడానికి ఒక సులువైన పద్ధతుంది, ఇది ఒక్కటి నేర్చుకుని వెళ్తే చాలు నాకు. మీటరుని డీసీ వోల్టుల మీద పెట్టండి. మీటరు వైర్ల చివర ఉండే ముళ్లలో ఒకటి బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద, అంటే లగ్గు మీద కాదు, సీసం పోస్టు మీద. రెండో ముల్లు ఇంజను బ్లాకు మీద రంగు లేని చోట. ఇప్పుడు సెల్ఫ్ కొట్టమనండి. 0.2, 0.3 వోల్టులు వస్తే సరే. ఒకటి, ఒకటిన్నర వచ్చిందంటే ఆ దారిలోనే ఎక్కడో కరెంటు ఇరుక్కుపోతోంది. అదే పని పాజిటివ్ వైపు కూడా చేయండి, బ్యాటరీ పాజిటివ్ పోస్టు నుంచి సోలినాయిడ్ బోల్టు దాకా. చార్జింగ్ దారి కోసం ఇంజను రేజులో ఉన్నప్పుడు రెక్టిఫయరు ఎర్ర వైరుకీ బ్యాటరీ పాజిటివ్‌కీ మధ్య చూడండి. ఏమీ విప్పక్కర్లేదు, పది నిమిషాల పని.

వింగ్ నట్ల గురించి కూడా చెప్పాలి. బ్యాటరీ మీద చేత్తో తిప్పి బిగించే రెక్కల నట్లు ఉంటాయి కదా, వాటిని తీసి పారేయండి. అల దెబ్బకి వదులైపోతాయి. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ కనెక్షను ఒక్క క్షణం ఊడినా, కాయిల్ పుట్టించిన కరెంటు పోవడానికి దారి లేక వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి రెక్టిఫయరు డయోడ్లు టప్పున పోతాయి. రెక్టిఫయర్లు ఎక్కువగా చచ్చేది దీనివల్లే. లేదంటే హడావుడిలో బ్యాటరీ తిరగేసి తగిలించడం వల్ల. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ కట్ స్విచ్ ఆపేసినా ఇదే జరుగుతుంది. మామూలు స్టీలు నట్టు, లాక్ వాషరు వేసి స్పానరుతో బిగించండి.

ఫ్యూజు గురించి ఒక్క మాట. కంటితో చూసి బాగుంది అనొద్దు, తీసి మీటరుతో చూడండి. ఫ్యూజు బాగుండి హోల్డరు లోపల చిలుము పట్టడం కూడా మామూలే.

ఇక రెక్టిఫయరు. మీటరు పెట్టకముందే మీ బోర్డు మీదున్న ఆర్పీఎం మీటరు ఒక ఆచూకీ ఇస్తుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. పాత ఔట్‌బోర్డుల్లో ఆర్పీఎం మీటరు లెక్కపెట్టేది చార్జింగ్ కాయిల్ నుంచి వచ్చే పల్సులనే. అందుకని చార్జింగ్ పోయిన రోజే ఆర్పీఎం ముల్లు కూడా ఆగిపోయినా, పిచ్చిపిచ్చిగా కొట్టుకుంటున్నా, అనుమానం రెక్టిఫయరు మీదకో, కాయిల్ మీదకో పోతుంది. ముల్లు ఎప్పటిలాగే తిరుగుతూ చార్జింగ్ మాత్రం రాలేదంటే ముందు రెక్టిఫయరు నుంచి బ్యాటరీ దాకా ఉన్న వైరింగ్ చూడండి.

పరీక్ష ఎలాగంటే, ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి, రెక్టిఫయరు వైర్లన్నీ విప్పండి. జాన్సన్, మెర్క్యురీల్లో కాయిల్ వైర్లు పసుపు, యమహాలో ఆకుపచ్చ. ఎర్రది బ్యాటరీకి పోయేది. కింది లోహపు అడుగు ఎర్తు. మీటరుని డయోడు గుర్తు మీద పెట్టి, ఎర్ర ముల్లు పసుపు టెర్మినల్ మీద, నల్ల ముల్లు ఎర్ర టెర్మినల్ మీద ఆనించండి, 0.4 నుంచి 0.7 మధ్య చూపించాలి. ముళ్లు తిరగేయండి, ఏమీ చూపించకూడదు. రెండో పసుపుకీ అంతే. తర్వాత ఎర్ర ముల్లు అడుగు లోహం మీద, నల్లది పసుపు మీద, మళ్లీ 0.4 నుంచి 0.7, తిరగేస్తే ఏమీ రాకూడదు. రెండు వైపులా చూపిస్తే షార్టు, ఏ వైపూ చూపించకపోతే ఓపెను. రెండింటికీ మందు లేదు, మార్చడమే. వోల్టేజి హద్దు దాటకుండా ఆపే రెగ్యులేటరు కూడా కలిసున్న యూనిట్లకి మాత్రం ఈ పరీక్షతో పూర్తిగా తేలదు. ఒక డయోడు షార్టయిన రెక్టిఫయరుని అలాగే వాడుతూ పోతే కాయిల్ కూడా మాడుతుంది.

ఇవన్నీ అయ్యాకే కాయిల్. దానికి కూడా ఫ్లైవీల్ విప్పక్కర్లేదు, వైర్లు బయటికే వస్తాయి. రెండు పసుపు వైర్ల మధ్య ఓమ్స్ చూస్తే చాలా తక్కువ, తరచుగా ఒక ఓమ్ లోపే ఉంటుంది, కాబట్టి ముందు మీటరు ముళ్లు రెండూ కలిపి వచ్చిన అంకెని తీసేసి లెక్కేయండి. ఒక్కో పసుపు వైరుకీ బాడీకీ మధ్య ఏమీ చూపించకూడదు, చూపిస్తే తీగ పైపూత పోయి ఎర్తయింది. తర్వాత పసుపు వైర్లు రెక్టిఫయరు నుంచి విడిగా ఉంచి, ఇంజను స్టార్ట్ చేసి, మీటరు ఏసీ వోల్టుల మీద పెట్టి చూడండి. ఇంజనుకో అంకె ఉంటుంది. అంకె కంటే, రేజు పెంచిన కొద్దీ వోల్టేజి పెరుగుతోందా లేదా అన్నది చూడండి. పెరిగితే కాయిల్ నిక్షేపంలా ఉంది.

ఈ పని చేసేటప్పుడు మూత తీసి ఉంటుంది, ఫ్లైవీల్ బయటికి తిరుగుతుంటుంది. లుంగీ కట్టుకుని, మెడలో తువ్వాలు వేసుకుని దాని మీదకి వంగొద్దు. మీటరు వైర్లు కూడా దూరంగా కట్టేసి ఉంచండి. కాయిల్ దగ్గరే సీడీఐ ఇగ్నిషన్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటు, దాని వైర్లుంటాయి, వాటిలో 200, 300 వోల్టులు ఉంటాయి, ఏ వైరు ఏదో తెలీకుండా ముట్టుకోవద్దు. చార్జి అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, పక్కనే పెట్రోలు ట్యాంకు, బీడీ సంగతి నేను చెప్పక్కర్లేదనుకుంటాను. కేబుల్ తీసేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర నెగెటివ్.

15 వోల్టులు దాటితే అన్నాను కదా. రెగ్యులేటరు లేని ఇంజనులో బ్యాటరీయే రెగ్యులేటరు. ఎక్కువొచ్చిన కరెంటుని అదే మింగుతుంది, మింగి నీళ్లని మరిగిస్తుంది. అందుకే అలాంటి ఇంజనుకి నీళ్లు పోసే బ్యాటరీయే పెట్టాలి, సీల్డ్ బ్యాటరీ పెడితే పోయిన నీళ్లు మళ్లీ పోయలేరు, లోపల ఎండిపోతుంది. ప్లేట్లు ఎప్పుడూ మునిగి ఉండేట్టు డిస్టిల్డ్ వాటర్ చూసుకుంటూ ఉండండి. చాలా చిన్న బ్యాటరీ పెట్టినా ఇదే బాధ.

చార్జింగ్ బాగున్నా పొద్దుటికి బ్యాటరీ దిగిపోతోందనేవాళ్లు కొందరు. సాయంత్రం అన్నీ ఆపేసి, నెగెటివ్ కేబుల్ తీసి, కేబుల్‌కీ పోస్టుకీ మధ్య మీటరుని ఆంపుల మీద పెట్టండి, ముందు 10 ఆంపుల రేంజిలో. మీటరు ఉండగా కీ తిప్పొద్దు, మీటరు పోతుంది. ఏమీ వాడనప్పుడు ఏమీ పోకూడదు. పోతుంటే ఒక్కో వైరే విడదీస్తూ రండి, ఏది తీస్తే ఆగిందో అదే దొంగ. రెక్టిఫయరు డయోడ్లు లీకవడం, బోటు అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జి పంపు ఆటోమేటిక్ స్విచ్‌లోకి నీళ్లు పోవడం నేను ఎక్కువగా చూసేవి.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

ఆ తమ్ముడు అడిగింది అందరికీ వినిపించిందా? "ఫిష్ ఫైండరు, జీపీఎస్, వీహెచ్ఎఫ్, నాలుగు లైట్లు పెట్టాను, అన్నీ బాగున్నా బ్యాటరీ నిలబడట్లేదు" అంటున్నాడు. లెక్క చూద్దాం తమ్ముడూ. పాత రకం బల్బు 20 వాట్లదైతే నాలుగూ కలిపి 80 వాట్లు, అంటే ఆరున్నర ఆంపులు. నీ ఇంజను ఫుల్ స్పీడులో ఇచ్చేదంతా లైట్లకే చాలదు, నువ్వేమో వల దగ్గర స్లోలో ఉంటావు. ఎల్ఈడీలు పెట్టు, అదే వెలుగుకి ఒక ఆంపు దగ్గర్లో సరిపోతుంది. వీహెచ్ఎఫ్ మాట్లాడేటప్పుడు మాత్రమే 5, 6 ఆంపులు లాగుతుంది, వింటున్నంతసేపు తక్కువే, దాన్ని ఎప్పుడూ ఆపొద్దు. సెల్ఫ్‌కి ఒక బ్యాటరీ, మిగతావాటికి వేరే బ్యాటరీ పెట్టుకో.

బాబాయ్, మీరు అడిగింది బ్యాటరీ పూర్తిగా పోతే తాడు లాగి బ్యాటరీ లేకుండా ఇంటికి రావచ్చా అని. రావచ్చు, ఈ పాత సీడీఐ ఇంజన్లలో చాలావాటికి ఇగ్నిషన్‌కి బ్యాటరీతో పని లేదు. కానీ ముందు కాయిల్ పసుపు వైర్లు రెండూ రెక్టిఫయరు నుంచి విప్పి, విడివిడిగా టేపు చుట్టి, అప్పుడు స్టార్ట్ చేయండి.

కారు రెగ్యులేటరు పెట్టొచ్చా అంటున్నారు. వద్దు. కారు ఆల్టర్నేటరులో రెగ్యులేటరు ఫీల్డ్ కరెంటుని, అంటే అయస్కాంత బలం పుట్టించే కరెంటుని, తగ్గించి పెంచుతుంది. మన దాంట్లో ఫీల్డ్ లేదు, అయస్కాంతాలున్నాయి, వాటిని ఎవడూ తగ్గించలేడు. అయస్కాంతపు కాయిల్ కోసమే చేసిన రెగ్యులేటర్లు దొరుకుతాయి, మీ కాయిల్ ఆంపులకి సరిపడేది చూసి, ఇంజను లోహానికి బాగా ఆనేట్టు బిగించండి, దాని వేడి అటు పోవాలి.

చివరిది, లిథియం బ్యాటరీ. బరువు తక్కువ, ఎక్కువకాలం వస్తుంది, నిజమే. కానీ రెగ్యులేటరు లేని ఇంజనుకి నేరుగా తగిలించొద్దు. వోల్టేజి హద్దు దాటగానే దాని లోపలున్న బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపాడే సర్క్యూటు, బ్యాటరీని తనే విడదీసేస్తుంది, నడుస్తున్న ఇంజనుకి కేబుల్ ఊడినట్టే, రెక్టిఫయరు పోతుంది. ఆ డబ్బుతో మంచి సీసం బ్యాటరీ, 50 వాట్ల సోలార్ పలక, దానికి ఒక చార్జి కంట్రోలరు కొనుక్కోండి. వచ్చే ఏడు నిషేధంలో బోటు గట్టు మీదున్నన్నాళ్లూ ఆ పలకే బ్యాటరీని నిండుగా ఉంచుతుంది, మీరు చేయాల్సిందల్లా నెలకోసారి నీళ్లు చూసి పోసుకోవడం.